ఓపెనింగ్‌లు బట్టీ పట్టకుండానే చాంపియన్ అయిన మీర్ సుల్తాన్ ఖాన్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఈ మూడు ఊళ్లలో ఎక్కడ పిల్లల చెస్ పోటీ పెట్టినా ఒక దృశ్యం మాత్రం తప్పకుండా కనిపిస్తుంది. ఆట మొదలైన రెండు నిమిషాల్లోనే పది ఎత్తులు టకటకా పడిపోతాయి. అన్నీ యూట్యూబ్‌లో చూసి బట్టీ పట్టినవే. తర్వాత ఎదుటి పిల్లాడు వీడియోలో లేని ఎత్తు ఒకటి వేస్తాడు. అంతే, మనవాడి చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. ఇప్పుడేం చేయాలో ఎవరూ చెప్పలేదాయె. పావుగంటలో ఆట అయిపోతుంది. పిల్లాడు తల దించుకుని బయటికొస్తాడు.

ఈ మధ్య మిర్యాలగూడలో అలాంటి ఒక పోటీ దగ్గర, రైస్ మిల్లులో లెక్కలు రాసే ఒక అబ్బాజాన్ నన్ను పక్కకు పిలిచి అడిగారు. కొడుకు ఆన్‌లైన్‌లో ఓపెనింగ్ కోర్సు కొనిపెట్టమని గోల చేస్తున్నాడట. ఇంగ్లీషులో ఉంటుందట, ఖరీదూ ఎక్కువేనట. కొనకపోతే పిల్లాడు వెనకబడిపోతాడా అని ఆయన బెంగ. నాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే మీర్ సుల్తాన్ ఖాన్ గుర్తుకొచ్చారు. ఈ ప్రశ్నకు ఆయన జీవితమే పెద్ద జవాబు. అందుకే ఈ వ్యాసం.

మిఠా తివానా నుంచి మొదలు

మీర్ సుల్తాన్ ఖాన్ 1903లో అవిభక్త భారతదేశంలోని పంజాబ్‌లో, ఖుషాబ్ దగ్గర మిఠా తివానా అనే ఊళ్లో పుట్టారు. చాలా పుస్తకాల్లో 1905 అని రాసి ఉంటుంది. ఇప్పుడది పంజాబే, కానీ పాకిస్తాన్ వైపు. అవాన్ తెగకు చెందిన పీర్ల కుటుంబం. కొంత భూమి కూడా ఉండేది. తండ్రి మియా నిజాముద్దీన్. తొమ్మిదేళ్ల వయసులో కొడుక్కి షత్రంజ్ నేర్పింది ఆ తండ్రే.

షత్రంజ్ మాట రాగానే మన ఇళ్లలో పెద్దలు ఒక ప్రశ్న అడుగుతారు, ఇది ఆడొచ్చా అని. ఈ విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలు పాతకాలం నుంచీ ఉన్నాయి. పందెం కాసి ఆడకూడదు, ఆటలో పడి నమాజ్ మరవకూడదు అన్న దగ్గర మాత్రం తేడా లేదు. మిగతాది మీ ఇంటి ఆలిమ్ సాబ్‌ను అడిగి తెలుసుకోండి. ఇక్కడ నేను చెప్పేది సుల్తాన్ ఖాన్ కథ మాత్రమే. దీనీ వాతావరణం ఉన్న ఇంట్లో, తండ్రి చేతి మీదుగా ఆయనకు ఈ ఆట వచ్చింది.

ఇరవై ఒకటో ఏడు వచ్చేసరికి పంజాబ్‌లో ఆయనను మించిన ఆటగాడు లేడు. ఆ పేరు విని కాల్రా ఎస్టేట్ జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆయనను పిలిపించుకున్నారు. ఉండటానికి చోటు, భోజనం, నెల నెలా కొంత సొమ్ము ఇచ్చి తన దగ్గర పెట్టుకున్నారు. ఆయనకు ఐరోపా నిబంధనల చెస్ నేర్పించిందీ అక్కడే.

పాత షత్రంజ్, కొత్త చెస్

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. సుల్తాన్ ఖాన్ చిన్నప్పుడు నేర్చుకున్న ఆట, ఇవాళ మన పిల్లలు ఆడే ఆట ఒకటి కావు. మన దేశపు పాత షత్రంజ్‌లో బంటు మొదటి ఎత్తులో రెండు గడులు దూకలేదు, ఒక్క గడే కదలాలి. కాస్లింగ్ లేదు. దానికి బదులు రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బంటు అవతలి అంచుకు చేరితే, సాధారణంగా ఆ వరుస ఏ పావుదో ఆ పావుగానే మారుతుంది. ప్రతిసారీ వజీరు కావడం కుదరదు.

చిన్న తేడాల్లాగే కనిపిస్తాయి గానీ, వీటివల్ల ఆట మొత్తం మారిపోతుంది. బంట్లు నిదానంగా నడిస్తే రెండు సైన్యాలు ఎదురుపడటానికే చాలాసేపు పడుతుంది. మొదటి పది ఎత్తుల్లో పెద్దగా ప్రమాదం ఉండదు. తీరిగ్గా పావులు సర్దుకోవచ్చు. అసలు యుద్ధమంతా మధ్యలోనూ చివర్లోనూ. ఐరోపా ఆటలో అలా కాదు, మూడో ఎత్తుకే కత్తులు తగులుకుంటాయి. అందుకే అక్కడివాళ్లు ఏ ఎత్తుకు ఏ జవాబో వందల ఏళ్లుగా రాసిపెట్టుకున్నారు. ఆ రాసిపెట్టుకున్న దాన్నే మనం ఓపెనింగ్ థియరీ అంటున్నాం.

అంటే ఇరవై ఏళ్లు దాటాక ఒక కొత్త ఆటను ఓనమాల నుంచి మొదలుపెట్టిన మనిషి ఆయన. ఈ రోజు చెస్‌లో అడుగుపెట్టే మన పిల్లలు ఎక్కడ నిలబడ్డారో ఆయనా అక్కడే నిలబడ్డారు. అయినా 1928లో ఢిల్లీలో జరిగిన అఖిల భారత పోటీలో తొమ్మిది ఆటలకు ఎనిమిదిన్నర పాయింట్లు తెచ్చుకుని గెలిచారు.

లండన్‌లో మొదటి దెబ్బ

1929 ఏప్రిల్ 26న సర్ ఉమర్ వెంట సుల్తాన్ ఖాన్ లండన్ చేరుకున్నారు. అక్కడ ఆయన కోసమే ఒక చిన్న సాధన పోటీ ఏర్పాటు చేశారు. ఫలితం ఏమైందంటే, ఆఖరి స్థానం. కాండే అనే ఆటగాడితో కలిసి అట్టడుగున నిలిచారు. విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ ఆయన కంటే పైన ఉన్నారు. కారణం అందరికీ కనిపిస్తూనే ఉంది. ఓపెనింగ్‌ల మీద ఆయనకు పట్టు లేదు. ఆట సగానికి రాకముందే చిక్కుల్లో పడేవారు.

ఓపెనింగ్ తెలియకపోయినా ఏం కాదు, సుల్తాన్ ఖాన్‌ను చూడండి అని కొందరు అంటుంటారు. వాళ్లు ఈ ఆఖరి స్థానం సంగతి చెప్పరు. తెలియకపోవడానికి ఆయన మూల్యం చెల్లించారు.

అయితే తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ఆయనను వెనక్కు నెట్టిన ఆ వింటర్, యేట్స్ ఇద్దరే ఆయన పక్కన కూర్చుని బ్రిటిష్ చాంపియన్‌షిప్‌కు తయారు చేశారు. ఏళ్లూ పూళ్లూ కాదు, కొద్ది వారాల శిక్షణ. ఆ వేసవిలోనే రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిష్ చాంపియన్‌షిప్‌ను సుల్తాన్ ఖాన్ గెలిచేశారు. దేశమంతా నోరెళ్లబెట్టింది.

కొద్ది వారాల్లో ఓపెనింగ్ శాస్త్రమంతా ఎవరికీ రాదు, ఆయనకూ వచ్చి ఉండదు. మొదటి ఎత్తుల్లో పడిపోకుండా నిలబడేంత వస్తే చాలు. అక్కడి నుంచి ఆయన సొంత బలం పనిచేసింది. ఆ తర్వాత కూడా ఓపెనింగ్‌లు ఆయన బలహీనతగానే మిగిలాయి. చాలా ఆటల్లో మొదట కాస్త వెనకబడేవారు. తొందరపడకుండా, గంటల తరబడి ఓపిగ్గా కాచుకుంటూ, చివర్లో పావులు తగ్గాక ఎదుటివాణ్ని వంచేవారు.

ప్రపంచ చాంపియన్‌ను ఓడించిన ఆట

1930 నుంచి వరసగా పెద్ద పోటీలు. లియేజ్‌లో టార్టకోవర్ తర్వాత రెండో స్థానం. హాంబర్గ్ ఒలింపియాడ్‌లో ఇంగ్లండ్ జట్టుకు మొదటి బోర్డు. 1931 మొదట్లో అదే టార్టకోవర్‌తో పన్నెండు ఆటల మ్యాచ్ ఆడి నాలుగు గెలిచి, మూడు ఓడి, అయిదు డ్రా చేసుకుని నెగ్గారు. ప్రాగ్ ఒలింపియాడ్‌లో ఫ్లోర్‌ను, రూబిన్‌స్టీన్‌ను ఓడించారు. అప్పటి ప్రపంచ చాంపియన్ అలేఖిన్‌తో డ్రా చేసుకున్నారు. 1932లోనూ, 1933లోనూ మళ్లీ బ్రిటిష్ చాంపియన్ ఆయనే.

కానీ అందరూ చెప్పుకునేది 1930-31 హేస్టింగ్స్ పోటీలో కాపాబ్లాంకా మీద గెలిచిన ఆట. క్యూబాకు చెందిన కాపాబ్లాంకా 1921 నుంచి 1927 దాకా ప్రపంచ చాంపియన్. ఆయనను ఓడించడమంటే ఆ రోజుల్లో వార్త. ఆ ఆటను మన పిల్లలు ఒక్కసారైనా పలక మీద పెట్టుకుని ఆడి చూడాలి.

సుల్తాన్ ఖాన్‌వి తెల్లపావులు. అయిదో ఎత్తులో ఆయన చేసిందేమిటంటే, వజీరు వైపు అంచున ఉన్న బంటును ఒక్క గడి ముందుకు జరిపారు. చూసినవాళ్లకు అదేదో ఊరికే కాలం గడిపిన ఎత్తులా ఉంటుంది. కానీ దానికి పని ఉంది. కోణంగా నడిచే ఎదుటివాడి ఒంటె వచ్చి తన గుర్రాన్ని కట్టిపడేయకుండా ఆ గడిని ముందే మూసేశారు. కొన్ని దశాబ్దాల తర్వాత ప్రపంచ చాంపియన్ పెట్రోసియన్ ఇలాంటి ఆటనే ఇష్టపడ్డారు. కాస్పరోవ్ దాంతో ఎన్నో గెలుపులు సాధించారు. ఇవాళ పుస్తకాల్లో ఆ పద్ధతికి పెట్రోసియన్ పేరే ఉంది.

ఆ ఆటలో కాపాబ్లాంకా తన ఏనుగులు రెండూ ఇచ్చి సుల్తాన్ ఖాన్ వజీరును తీసుకున్నారు. సుల్తాన్ ఖాన్ రాజు కాస్లింగ్ చేయలేదు, మధ్యలోనే నడిచాడు. అయినా కంగారు లేదు. పావులను ఒక్కొక్కటిగా సర్దుకుంటూ, ఎదుటి వజీరుకు చోటు లేకుండా చేస్తూ, 65 ఎత్తుల్లో ఆట గెలిచారు. ఆ పోటీలో యూవే మొదటి స్థానం, కాపాబ్లాంకా రెండు, సుల్తాన్ ఖాన్ మూడు.

ఇంగ్లండ్ చలి ఆయన ఒంటికి పడలేదు. మలేరియా, జలుబు, గొంతు నొప్పి వదిలేవి కావు. మెడకు గుడ్డ చుట్టుకుని ఆడిన రోజులూ ఉన్నాయి.

అదే ఇంట్లో ఫాతిమా

ఆడపిల్లలున్న కుటుంబాలు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఇంకొకటి ఉంది, ఫాతిమా. ఈమె కూడా సర్ ఉమర్ ఇంటి పరివారంలోనే ఉండేది. 1933లో బ్రిటిష్ మహిళల చాంపియన్‌షిప్ గెలిచింది. పదకొండు ఆటల్లో పది గెలుపులు, ఒక డ్రా. ఓటమి లేదు. రెండో స్థానంలో ఉన్న క్రీడాకారిణి కంటే మూడు పాయింట్లు ఎక్కువ. ఒకే ఏడాది, ఒకే ఇంటి నుంచి ఇద్దరు ముస్లింలు బ్రిటన్‌లో మగవాళ్ల కిరీటం, ఆడవాళ్ల కిరీటం రెండూ తెచ్చుకున్నారు. మన దగ్గర కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక పేర్లు తెలియని ఇల్లు లేదు. వాళ్లకంటే ఎన్నో దశాబ్దాల ముందు ఫాతిమా ఉంది.

తిరుగు ప్రయాణం, మరచిపోయిన పేరు

1933 డిసెంబరులో సర్ ఉమర్ స్వదేశానికి బయల్దేరారు, సుల్తాన్ ఖాన్ కూడా వెంట వచ్చేశారు. ఐరోపాలో ఆయన ఆట మొత్తం అయిదేళ్లు కూడా లేదు. 1935లో ఖాదిల్కర్‌తో పది ఆటల మ్యాచ్ ఆడి ఒక్క డ్రా తప్ప అన్నీ గెలిచారు. ఆ తర్వాత పోటీలు వదిలేశారు. సొంత భూమిలో వ్యవసాయం చూసుకుంటూ బతికారు. 1966 ఏప్రిల్ 25న సర్గోధాలో క్షయవ్యాధితో చనిపోయారు.

ఆయన గురించి పాశ్చాత్యులు రాసిన చాలా పుస్తకాల్లో నౌకరు అనే మాట ఉంటుంది. 1933లో సర్ ఉమర్ ఇంటికి విందుకు వెళ్తే సుల్తాన్ ఖానే తమకు వడ్డించారని అమెరికా ఆటగాడు రూబెన్ ఫైన్ రాశారు. ఆయన కుటుంబం ఈ నౌకరు ముద్రను గట్టిగా కాదంటోంది. ఆట కోసం జీతం తీసుకున్న ఆటగాడే తప్ప పనివాడు కాదని వారి వాదన. పనివాడే అయినా ఆయన ఆట విలువ వీసమెత్తు తగ్గదు. కానీ ఒక మనిషిని ఎలా గుర్తుపెట్టుకోవాలన్నది కూడా చిన్న విషయం కాదు.

1950లో ప్రపంచ చెస్ సమాఖ్య మొట్టమొదటిసారి 27 మందికి గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ఇచ్చింది. అప్పటికే ఆట మానేసిన పాతవాళ్లకూ ఇచ్చింది. సుల్తాన్ ఖాన్ చేతిలో ఓడిన రూబిన్‌స్టీన్, టార్టకోవర్, ఫ్లోర్ ఆ జాబితాలో ఉన్నారు. సుల్తాన్ ఖాన్ లేరు. అప్పటికి ఆయన బతికే ఉన్నారు, పొలం చూసుకుంటున్నారు. చివరికి 2024 ఫిబ్రవరిలో, ఆయన పోయిన 58 ఏళ్లకు, గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించారు. పాకిస్తాన్‌కు మొదటి గ్రాండ్‌మాస్టర్ అలా సుల్తాన్ ఖాన్ అయ్యారు.

మన పిల్లలు ఎలా మొదలుపెట్టాలి

ఇక ఆ అబ్బాజాన్ ప్రశ్నకు వద్దాం. సుల్తాన్ ఖాన్ జీవితం రెండు మాటలు చెబుతోంది. ఓపెనింగ్ అసలే తెలియకపోతే దెబ్బ తింటావు. కానీ నిలబడటానికి కావాల్సింది కొంచెమే, మిగతాది నీ ఆలోచన. మొదలుపెట్టే పిల్లలకు ఆ కొంచెం ఇదీ:

మొదటి ఎత్తు నడిమి బంటుతో వేయండి. పలక మధ్యలోని నాలుగు గడులు ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్ల చేతిలో ఉంటుంది. తర్వాత గుర్రాలను, ఒంటెలను బయటికి తీయండి. కారణం లేకుండా ఒకే పావును రెండుసార్లు కదపొద్దు. వజీరును తొందరపడి బయటికి పంపొద్దు. ఎదుటివాడు దాన్ని తరుముతూ తన పావులన్నీ బయటికి తెచ్చుకుంటాడు. పది ఎత్తుల లోపు కాస్లింగ్ చేసి రాజును భద్రం చేయండి. కాపాబ్లాంకా మీద సుల్తాన్ ఖాన్ చేయలేదు గదా అని మీరూ మానేయొద్దు, ఆయనకు ఎందుకు మానుతున్నారో తెలుసు.

నాలుగు ఎత్తుల్లో ఆటకట్టించే ఉపాయం ప్రతి స్కూల్లోనూ తిరుగుతుంటుంది. రాజు ఒక్కడే కాపలా ఉన్న బంటు మీద వజీరు, ఒంటె కలిసి దాడి చేస్తాయి. దాని నుంచి తప్పించుకోవడం నేర్చుకోండి. దాంతోనే గెలవాలని మాత్రం చూడొద్దు. తెలిసినవాడు ఎదురైతే మీ వజీరే చిక్కుల్లో పడుతుంది.

కనీసం ఆరు నెలలు ఒక్క ఓపెనింగే ఆడండి. తెల్లపావులైతే ఇటాలియన్ చాలు. రాజు ముందు బంటు రెండు గడులు, తర్వాత రాజు వైపు గుర్రం, తర్వాత ఎదుటి రాజు పక్కనున్న ఆ బలహీనమైన బంటు వైపు చూసే ఒంటె. నల్లపావులైతే ఎదుటివాడు ఏ నడిమి బంటును రెండు గడులు జరిపాడో, మీరూ ఆ బంటునే రెండు గడులు జరపండి. ప్రతి ఎత్తుకూ ఎందుకు అని పిల్లాణ్ని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ ఎత్తు ఇంకా వాడిది కాలేదన్నమాట.

ఆడిన ప్రతి ఆటనూ నోట్‌బుక్కులో రాయించండి. ఓడిన ఆటలో, ఏం చేయాలో తెలియక మొదటిసారి ఆగిపోయిన చోటు గుర్తుపెట్టి, ఆ ఒక్క చోటే ఆ వారం చూసుకోవాలి. లిచెస్ అనే వెబ్‌సైటులో ఆట, సాధన, పరిశీలన అన్నీ ఉచితం. ఓపెనింగ్‌కు ఇచ్చే సమయం కంటే ఎక్కువ సమయం ఆట చివరి భాగానికి ఇవ్వండి. ఒక రాజు, ఒక బంటు మిగిలితే ఎలా గెలవాలో తెలిసిన పిల్లాడు మన ఊళ్ల పోటీల్లో చాలామందిని దాటేస్తాడు. సుల్తాన్ ఖాన్ గెలిచింది ఎక్కువగా అక్కడే.

మన ప్రాంతానికి ఈ ఆట కొత్తేమీ కాదు. కోదాడ దాటి విజయవాడ మీదుగా వెళ్తే వచ్చే ఏలూరులోనే 1955లో భారతదేశపు మొట్టమొదటి జాతీయ చెస్ చాంపియన్‌షిప్ జరిగింది. అందులో మహారాష్ట్రకు చెందిన సప్రేతో కలిసి మొదటి స్థానం పంచుకున్న వెంకయ్య తెలుగువారే. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటాడు. దారి ఉంది. నడిచేవాళ్లు కావాలి, అంతే.

మిర్యాలగూడ అబ్బాజాన్‌కు ఫోన్ చేసి చెప్పాను, ఇప్పుడప్పుడే కోర్సు కొనొద్దని. ఒక పలక, ఒక నోట్‌బుక్కు, రోజూ ఇషా తర్వాత కొడుకు పక్కన అరగంట ఆయన కూర్చోవడం, ముందు ఇవి చాలన్నాను. తనకు ఆట రాదు గదా అని ఆయన సందేహం. రాకపోయినా పర్వాలేదు, ప్రతి ఎత్తుకూ ఎందుకు అని అడిగితే చాలు. సుల్తాన్ ఖాన్‌కు కూడా మొదటి ఉస్తాద్ ఇంట్లో పక్కన కూర్చున్న తండ్రే.